గ్రామసభలో తిండి గురించి ఎత్తితే నవ్వారు. ఊరి సర్వే చేసి ప్లాన్‌లో పెట్టించడం ఎట్టా?

మెట్టపల్లె_మెంబర్
మాది పొదిలి పక్కన చిన్న పంచాయతీ, నేను వార్డు మెంబర్‌ని. మొన్న జీపీడీపీ (గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక) మీటింగ్ పెట్టారు. ఎప్పటిలాగే సీసీ రోడ్డు, సైడు కాలవ, వీధి లైట్లు, ఆ తర్వాత ఇంకో సీసీ రోడ్డు. నేను లేచి, ఎండాకాలం వస్తే మన ఊళ్ళో కూరగాయ దొరకదు, అంగన్‌వాడీలో బరువు తక్కువ పిల్లలున్నారు, కందిపప్పు ధరకు భయపడి చారుతోనే సరిపెట్టుకునే ఇళ్ళు బోలెడు, ఈ సంగతి కూడా ప్లాన్‌లో పెట్టండి అన్నాను. నవ్వారు. "జనానికి అన్నం పెట్టడం పంచాయతీ పనా అమ్మా, రేషన్ షాపు ఉందిగా" అన్నాడు ఉపసర్పంచ్. సెక్రటరీ నవ్వలేదు గానీ "ఏ హెడ్డు (ఖర్చు పద్దు) కింద రాయమంటారో చెప్పండి, రాస్తాను" అన్నాడు. నవ్వు కంటే అదే ఎక్కువ తగిలింది.
పొదుపు సంఘంలో ఆడవాళ్ళం కొందరం కలిసి, ఊళ్ళో ఎవరు ఏం తింటున్నారో, అది ఎక్కడి నుంచి వస్తోందో మేమే లెక్క తీద్దామనుకుంటున్నాం. ఏం అడగాలి, ఎట్టా అడగాలి, ఆ కాగితం పట్టుకెళ్తే ప్లాన్‌లోకి ఎక్కుతుందా లేక సమోసాల కింద పరుస్తారా? చేసినవాళ్ళుంటే చెప్పండి. చేయనివాళ్ళు కూడా చెప్తారని తెలుసు.

ఒంగోలు_గిత్త
చేయనివాళ్ళ తరఫున మొదటి సలహా నాది. సమోసాలు బాగుంటే కోరం దానంతటదే వస్తుంది.

పాత_సెక్రటరీ
పంచాయతీ కార్యదర్శిగా చేసి రిటైర్ అయినవాణ్ణి, ఆ హెడ్డు ప్రశ్న నాకు వదిలేయండి. ముందు మీ ఉపసర్పంచ్‌కి సమాధానం. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్లో 29 అంశాలున్నాయి. మొదటిదే వ్యవసాయం. చిన్న నీటి వనరులు, చేపలు, పాడి, స్త్రీ శిశు సంక్షేమం అన్నీ అందులోనే. 28వది ప్రజా పంపిణీ, అంటే ఆయన చూపించిన ఆ రేషన్ షాపే. 2013 ఆహార భద్రత చట్టంలో కూడా 28వ సెక్షన్ తీయండి, రేషన్ షాపుల పనితీరు మీద సోషల్ ఆడిట్ చేయాల్సినవాళ్ళలో స్థానిక సంస్థలున్నాయి. కాబట్టి పంచాయతీ పనా అంటే పంచాయతీ పనే.
ఇక డబ్బు. 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాలి, సగం పారిశుధ్యానికి, సగం తాగునీటికి ఇచ్చారు. దాంతో కందిపప్పు కొంటామంటే ఆడిట్‌లో ఇరుక్కుంటారు. కానీ ఆ తాగునీటి సగంలోనే వాన నీటిని నిలవ చేయడం, వాడిన నీళ్ళను మళ్ళీ వాడుకోవడం కూడా ఉన్నాయని చాలామంది చదవరు. బడి దగ్గర చేతులు కడిగిన నీళ్ళు ఆకుకూర మడికి మళ్ళించే పని అందులో ఇమిడిపోతుంది. మిగతా 40 శాతం అన్‌టైడ్, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ తప్ప ఊరి అవసరం దేనికైనా వాడుకోవచ్చు. మీ సీసీ రోడ్లతో పోటీ పడాల్సింది అక్కడ. నీటి కుంటలు, సన్నకారు రైతులకు పండ్ల మొక్కలు లాంటివి ఉపాధి పనుల్లో అడగాలి.
మీ సెక్రటరీ ఎగతాళి చేయలేదమ్మా. "ఆహార భద్రత" అని రాస్తే ప్లాన్ ఎక్కించే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో అది ఒక పని కాదు. "సంత స్థలంలో అరుగు, నీటి కుళాయి" అని రాస్తే పని. తిండిని పనులుగా విడగొట్టి ఇవ్వండి, ఆయన రాస్తాడు.

మెట్టరైతు
చట్టాలు బాగున్నాయి సారూ. సర్వే చేస్తే వంకాయలు కాస్తాయా అని నా డౌటు. దర్శి వైపు మేము పొగాకు ఎందుకు వేస్తామో తెలుసా? పెట్టుబడికి అప్పిచ్చేవాడున్నాడు, వేలం ఉంది, బోర్డు ఉంది. 2025లో నల్ల బర్లీ పొగాకు కొనేవాడు లేకపోతే రోడ్డెక్కాం, చివరికి సర్కారు మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌ను దించి కొనిపించారు. వంకాయ ధర పడిపోతే మార్క్‌ఫెడ్ దిగుతుందా? నేను ఒక ఏడాది అరెకరంలో వంగ, బెండ పెట్టాను. కాపు బాగా వచ్చిన వారం ఒంగోలు మార్కెట్‌లో కోత కూలి, ఆటో బాడుగ కూడా మిగల్లేదు, చేలోకి గొర్రెల్ని తోలేశాను. ఆ గొర్రెలకు మాత్రం పౌష్టికాహారం అందింది.
కొర్రలు పండించండి అని ఉపన్యాసాలు చెప్పేవాళ్ళకు ఒకటే మాట. కేంద్రం మద్దతు ధర ఇచ్చే చిరుధాన్యాలు జొన్న, సజ్జ, రాగి, అంతే. కొర్రకూ లేదు, వరిగకూ లేదు.

కారం_దోసె
గొర్రెల్ని కూడా సర్వేలో కలపండి. కోతుల్ని మర్చిపోవద్దు, మా గిద్దలూరు వైపు కూరగాయలు ఎక్కువగా తినేది అవే.

మెట్టపల్లె_మెంబర్
@మెట్టరైతు అన్నా, మీరేం వేయాలో చెప్పడానికి మేము రావడం లేదు. నేను చూస్తున్నది ఇంకోటి. మా ఊరికి రోజూ ఒక ఆటో వస్తుంది కూరగాయలు వేసుకొని. ఆ వంకాయలు మా మండలంలోనే ఎక్కడో కాసి, ఒంగోలు పోయి, మళ్ళీ పొదిలి వచ్చి, అక్కడి నుంచి మా వీధికి వస్తాయి. మీకు గిట్టలేదు, మాకు అందుబాటులో లేదు. మధ్యలో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని.

మెట్టరైతు
మధ్యలో ఏం జరుగుతుందో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, నూటికి పది కమీషన్ జరుగుతుంది. సరే, చేయండి. నేను వద్దనలేదు.

అంగన్‌వాడీ_అక్క
పిల్లల ఎత్తు, బరువు ప్రతి నెలా మేము పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కిస్తాం. లెక్క మా దగ్గర ఉంది, మళ్ళీ తూకం వేయక్కర్లేదు. పేర్లు మాత్రం అడగొద్దు. ఎంతమందిని తూచాం, అందులో ఎంతమంది తక్కువ ఉన్నారు, అంతవరకు సూపర్‌వైజర్‌తో మాట్లాడి తీసుకోండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని వచ్చింది, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తహీనత. ఈ అంకె గ్రామసభలో చదివితే ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండదు, రాష్ట్రం సంగతి కదా అనుకుంటారు. మన కాలనీలో ఇంతమంది అంటే అప్పుడు తలెత్తి చూస్తారు.
ఇంకో మాట. పిల్లలకని ఇంటికిచ్చిన గుడ్లు ఇంట్లో ఎవరు తిన్నారో కూడా అడగండి. కోపంగా అడగొద్దు. ఒక గుడ్డును నలుగురు పంచుకున్నారంటే తప్పు వాళ్ళది కాదు.

లెక్కల_మాస్టారు
ఏం అడగాలి అన్నారు కాబట్టి. ఎంత తిన్నారు, ఎన్ని గ్రాములు అని మొదలుపెట్టారా, రెండో ఇంటికే విసుగొస్తుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాళ్ళ పద్ధతి ఒకటుంది, తేలిక. ఇంట్లో 15-49 మధ్య వయసున్న ఒక ఆడమనిషిని నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం తిన్నావమ్మా అని వరసగా చెప్పించుకోవాలి. తర్వాత పది గుంపుల్లో టిక్కు పెట్టాలి. అన్నం, రొట్టె, దుంపలు ఒకటి. పప్పులు ఒకటి. వేరుశనగ, నువ్వులు లాంటివి ఒకటి. పాలు పెరుగు, చేపా మాంసం, గుడ్డు ఒక్కొక్కటి విడిగా. ఆకుకూరలు ఒకటి. గుమ్మడి, క్యారెట్, మామిడి, బొప్పాయి లాంటి పసుప్పచ్చనివి ఒకటి. మిగతా కూరగాయలు ఒకటి, మిగతా పండ్లు ఒకటి. పదిలో కనీసం ఐదు ఉండాలి. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళు ఐదుకు కూడా చేరలేదంటే గ్రామసభలో చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు.
ఒక మెలిక ఉంది. పదిహేను గ్రాములలోపు పడినవి లెక్కలోకి రావు. అంటే తాలింపులో కరివేపాకు ఆకుకూర కాదు, పులుసులో తేలిన ఒక్క మునక్కాయ ముక్క కూరగాయ కాదు.

కారం_దోసె
కరివేపాకు ఆకుకూర కాదంటే మా హాస్టల్ రోజుల్లో మేము అసలు ఆకుకూరే తినలేదన్నమాట.

ఒంగోలు_గిత్త
గోంగూర పచ్చడి?

లెక్కల_మాస్టారు
పెద్ద ముద్ద కలుపుకుంటే లెక్కే. మీ సంగతి తెలుసు కాబట్టి టిక్కు పెట్టేస్తున్నా.

పెన్నా_గట్టు
మెట్ట ప్రాంతం కథే చెప్పుకుంటున్నారు, మా డెల్టా సంగతి వినండి. కోవూరు పక్కన మాకు పెన్నా నీళ్ళున్నాయి, ఏడాదికి రెండు కార్లు (పంటలు) వరి. మేము వడ్లు అమ్ముకొని బియ్యం కొనుక్కునే రైతులం. కోత మిషన్ దిగిన రోజే కళ్ళంలో పచ్చి వడ్లు పుట్టి లెక్కన పోతాయి. 2025-26కు ఏ గ్రేడు మద్దతు ధర క్వింటా 2,389, మన నెల్లూరు పుట్టి 850 కిలోలు కాబట్టి 20,306 రావాలి. తేమ అని, తాలు అని, ఎంత వచ్చిందో అడగొద్దు. ఆ తర్వాత అంగడికి పోయి సన్నబియ్యం 26 కిలోల మూట తెచ్చుకుంటాం. 25 ఎందుకు కాదంటారా, 2022లో 25 కిలోల దాకా ప్యాకింగ్ మీద జీఎస్టీ వేశారు, వాళ్ళు ఒక కిలో కలిపారు. తెలివంటే అదీ.
2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. అదే నెలలో రాయలసీమలో వానలకు టమాటా పోయి కిలో వంద దాటింది. చుట్టూ వరిచేలు, వంటింట్లో ఉల్లిపాయ లేదు, పచ్చిమిరపకాయ లేదు. బియ్యం ఒక్కటి ఉంటే తిండి ఉన్నట్టు కాదని మా అమ్మకు ఏ సర్వే లేకుండానే అప్పుడు తెలిసింది. అందుకని మెంబర్ గారూ, మీ ఫారంలో "దారి తెగితే మీ ఇంట్లో ఎన్నాళ్ళకు సరుకులున్నాయి" అని ఒక ప్రశ్న పెట్టండి. తుపాను జిల్లాల్లో అది లేకుండా ప్లానేంటి.

ఉప్పుగాలి
@పెన్నా_గట్టు అన్నకు నీళ్ళున్నాయి, అదృష్టవంతుడు. మా ఇందుకూరుపేట వైపు పక్క చేలో రొయ్యల గుంట తవ్వితే మన చేలో వరి ఎర్రబడుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా తిరిగాయి. గుంట లీజు వరి కౌలు కంటే ఎన్నో రెట్లు, ఇచ్చేవాణ్ణి తిట్టలేం. కానీ ఏ సర్వే నంబరు వరి, ఏది గుంట అని ఊరి మ్యాపు మీద రంగులు వేసి గోడకు అంటించండి, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ వేయండి. మాటలక్కర్లేదు.

చేపలపులుసు
మా ఊరి చెరువు చేపల సంగతి కూడా రాయండి. వేలం పాట పాడుకున్నవాడు తెల్లవారుజామున వల లాగి ఐసు పెట్టెల్లో సర్ది లారీ ఎక్కిస్తాడు, ఊళ్ళోవాళ్ళు గట్టు మీద నిలబడి చూస్తాం. మన చెరువు, మన నీళ్ళు, పులుసు పెట్టుకోవడానికి మాత్రం నెల్లూరు పోయి కొనాలి. పాట షరతుల్లోనే "పట్టిన రోజు ఇంత శాతం ఊళ్ళో, ఇంత ధరకు అమ్మాలి" అని రాయిస్తే పంచాయతీకి పైసా ఖర్చు లేదు.

పాత_సెక్రటరీ
ఆలోచన మంచిదే. మత్స్యకార సొసైటీ చేతిలో ఉన్న చెరువైతే సొసైటీతో కూర్చోవాలి, పంచాయతీ ఒక్కటే షరతు పెట్టలేదు. షరతు పెడితే పాట తగ్గుతుంది, ఆదాయం పోయిందని మళ్ళీ మీరే అంటారు. ఆ తేడా ఎంతో ముందే గ్రామసభలో చెప్పి ఒప్పించండి.

చేపలపులుసు
పాట తగ్గితే ఒక సీసీ రోడ్డు తగ్గుతుంది. పులుసు పెరుగుతుంది. నాకు ఓకే.

నిజం_నిప్పు
మీరందరూ అసలు విషయం వదిలేశారు. రేషన్‌లో ఇచ్చేది ప్లాస్టిక్ బియ్యం. నీళ్ళలో వేస్తే తేలుతున్నాయి. అందుకే జనం కిలో పది రూపాయలకు అమ్ముతున్నారు. ముందు దాని మీద సర్వే చేయండి.

అంగన్‌వాడీ_అక్క
ప్లాస్టిక్ కాదు బాబూ. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి మళ్ళీ గింజలా ఒత్తి, వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతూ వచ్చారు. రంగు, బరువు కొంచెం తేడా కాబట్టి కొన్ని తేలుతాయి. మా సెంటర్‌లో తల్లులు ఆ గింజల్ని ఏరి ఏరి కోళ్ళకు వేసేవాళ్ళు. రక్తం పట్టాలని కలిపినది కోళ్ళ పాలు. కూర్చోబెట్టి, నానబెట్టి నలిపి, వండి చూపిస్తే మానేశారు.

నిజం_నిప్పు
నాకు వీడియో వచ్చింది.

ఒంగోలు_గిత్త
నాకూ వచ్చింది. అదే నంబరు నుంచి రెండు వేల నోటులో చిప్ ఉందని కూడా వచ్చింది.

లెక్కల_మాస్టారు
ఆయన మాటలో ఒకటి మాత్రం నిజం, అమ్ముతున్నారు. ఎందుకమ్ముతున్నారో లెక్క వేద్దాం. మనిషికి నెలకు 5 కిలోల బియ్యం వస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన పళ్ళెంలో రోజుకు ధాన్యం 250 గ్రాములు, అంటే నెలకు ఏడున్నర కిలోలు. కాబట్టి బియ్యం మూడింట రెండు వంతులు ఉచితంగా వచ్చేసింది. అదే పళ్ళెంలో పప్పు, గుడ్డు, మాంసం కలిపి రోజుకు 85 గ్రాములుండాలి. నలుగురున్న ఇంటికి నెలకు పది కిలోలు. ధర మీరే వేసుకోండి. కూరగాయలు రోజుకు 400 గ్రాములు, ఆకుకూరతో కలిపి. ఇంటికి రోజూ కిలోన్నర పైన. బియ్యం అమ్మి పప్పు కొనుక్కునేవాళ్ళు కొందరైనా ఉంటారు, అందరూ తాగడానికే అమ్మరు. ఎందుకమ్మారు అనేది నేరం రాబట్టినట్టు కాకుండా అడగగలిగితే మీ సర్వేలో అన్నిటికంటే విలువైన జవాబు అదే.

మెట్టపల్లె_మెంబర్
అడగడమే కష్టం మాస్టారూ. కాగితం, పెన్ను కనిపిస్తే చాలు "కార్డు తీసేస్తారా" అని అడుగుతున్నారు. పప్పు లేదని చెప్పడానికి సిగ్గు, మాంసం తిన్నామని చెప్పడానికి భయం.

రాగిసంకటి
దీనికి నా దగ్గర ఒకటుంది. నేను ఉదయగిరి వైపు ప్రకృతి వ్యవసాయంలో సంఘాలతో పనిచేస్తాను. మేము ఇంటింటికీ పోకముందు గుంపులో ఒక పని చేయిస్తాం. అంగన్‌వాడీ వరండాలో సున్నంతో పన్నెండు గళ్ళు గీస్తాం, చైత్రం నుంచి ఫాల్గుణం దాకా. నెలల పేర్లు అందరూ తెలుగువే చెప్తారు. ఒక చేట నిండా చింతపిక్కలు పెట్టి, ఏ నెలలో కూరాకు కొనడానికి ఎక్కువ ఇబ్బందో ఆ గడిలో ఎక్కువ పిక్కలు పెట్టండి అంటాం. మొదట ఎవరూ కదలరు. తర్వాత ఒక ముసలావిడ వచ్చి వైశాఖంలో గుప్పెడు పోస్తుంది. ఇంకొకామె ఆ పిక్కల్లో సగం తీసి ఆషాఢంలోకి జరుపుతుంది, "ఎండల్లో ఉపాధి పని ఉంటుంది, చేతిలో డబ్బులుంటాయి, విత్తనాలు కొన్నాకే ఏమీ ఉండదు" అంటూ. అక్కడ మొదలవుతుంది గొడవ, అదే మనకు కావాల్సింది. మొగవాళ్ళ చేత విడిగా చేయిస్తే పిక్కలు వేరే గళ్ళలో పడతాయి, ఎందుకంటే వాళ్ళు వడ్ల మూటలు చూస్తారు, ఆడవాళ్ళు పొయ్యి మీది కూర చూస్తారు. రెండూ ఫొటో తీసి పక్కపక్కన పెట్టండి. పేరు రాయలేదు, కార్డు అడగలేదు, ఎవరికీ భయం లేదు.
అదే కూర్చోవడంలో డబ్బుల్లేకుండా వచ్చే తిండి కూడా అడగండి. గురుగాకు, పొనగంటాకు, చెంచలాకు, గలిజేరు, బుడంకాయలు, తేగలు, ముంజలు. గట్ల మీద మందు కొట్టాక ఏవేవి కనిపించడం మానేశాయో పెద్దవాళ్ళు వరసపెట్టి చెప్తారు. ఏ సర్కారు సర్వేలోనూ ఆ గడి ఉండదు.

పెన్నా_గట్టు
గురుగాకు పప్పు గుర్తుచేశావు అక్కా, ఎప్పుడో చిన్నప్పుడు తిన్నాను. ఇప్పుడు గట్టు మీద గడ్డి మందు తప్ప ఏమీ లేదు.

బెంగళూరు_బాబాయ్
కేరళలో 1996 నుంచి ప్రజా ప్రణాళిక అని రాష్ట్ర ప్లాన్ డబ్బులో మూడో వంతు పైన స్థానిక సంస్థలకే ఇచ్చారు. కుటుంబశ్రీ ఆడవాళ్ళు గుంపులుగా భూమి కౌలుకు తీసుకొని కూరగాయలు, వరి పండిస్తున్నారు. జహీరాబాద్ వైపు దళిత మహిళా సంఘాలు తొంభైల్లోనే బీడు భూముల్లో జొన్నలు పండించి సొంత రేషన్ నడిపాయి. మనవాళ్ళకు ఎప్పుడు తెలివొస్తుందో.

రాగిసంకటి
బాబాయ్, కేరళ దాకా ఎందుకు, మన దూబగుంట చూడు. తొంభైల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు, దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. ఆ ఆడవాళ్ళే రోజుకు రూపాయి దాచి పొదుపులక్ష్మి కట్టారు. మగవాళ్ళ కూలి ఎంత, సారాకు పోయేది ఎంత, పొయ్యి దాకా వచ్చేది ఎంత, అదే వాళ్ళ లెక్క. తెలివి ఎప్పుడొస్తుందో అని అడిగేవాళ్ళు ఒకసారి ఊరొచ్చి పిక్కలు ఏరండి.

బెంగళూరు_బాబాయ్
సంక్రాంతికి వస్తున్నా.

కారం_దోసె
సంక్రాంతికి సర్వే చేస్తే పదికి పది గుంపులూ తిన్నారని వస్తుంది. పండక్కి చేయొద్దు.

లెక్కల_మాస్టారు
జోకు కాదు, కరెక్టే. పండగ, పెళ్ళి, సంత మరుసటి రోజు వదిలేయాలి.

మెట్టరైతు
సరే, నేను కూడా పనికొచ్చే మాట ఒకటి చెప్తా. కొనేవాడు దొరికితే పండించడానికి మేము రెడీ. ఊళ్ళో రోజూ తప్పకుండా కూరగాయలు కొనేది ఎవరు? బళ్ళో మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్ళు. బియ్యం, గుడ్లు పైనుంచి వస్తాయి, కూర మాత్రం వాళ్ళే కొనాలి. కేంద్రం లెక్కలో 2025 మే నుంచి ప్రాథమిక బడి పిల్లాడికి రోజుకు 6.78, ప్రాథమికోన్నతంలో 10.17. పప్పు, నూనె, ఉప్పు, పోపు, కూర అన్నీ అందులోనే. ఆ డబ్బులు కూడా నెలలు గడిచాక వస్తే ఆమె అంగట్లో అప్పు పెట్టి పుచ్చు వంకాయలు తెస్తుంది. నేను రోజు మార్చి రోజు తోటలో కోసింది కమీషన్ లేని ధరకు బడికే ఇస్తా, పొదుపు సంఘం మధ్యలో ఉండి నాకు వారం వారం డబ్బు సర్దితే చాలు, బిల్లు వచ్చినప్పుడు సంఘం తీసుకుంటుంది. ఇది ప్లాన్‌లో ఎక్కుతుందా సారూ?

పాత_సెక్రటరీ
ఆ సర్దుబాటు డబ్బు పంచాయతీ ఇవ్వలేదు, అది సంఘం అప్పు కింద జరగాలి, మీ గ్రామ సమాఖ్యలో మాట్లాడండి. ప్లాన్‌లో ఖర్చు లేని పనులని కూడా రాయొచ్చు, చాలామంది ఆ పేజీ ఖాళీ వదిలేస్తారు. "బడి, అంగన్‌వాడీ కూరగాయలు ఊరి రైతుల దగ్గర కొనేలా సంఘం ద్వారా ఏర్పాటు" అని తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. ప్రధానోపాధ్యాయుడికి కూడా కాపీ ఇవ్వండి. తీర్మానం పుస్తకంలో ఎక్కనిది గ్రామసభలో ఎంత అరిచినా జరగనట్టే.

మెట్టపల్లె_మెంబర్
అన్నా @మెట్టరైతు, మా పంచాయతీకి వచ్చి ఉండు. ఓటు కూడా మార్పిస్తా.

మెట్టరైతు
బోరు వేయించు, వస్తా.

కందుకూరు_కుర్రోడు
మాది కందుకూరు. 2022లో ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపారు, 2025 ఆఖరులో మళ్ళీ ప్రకాశానికి మార్చారు. ఈ చర్చలో నేను మెట్టోడినా డెల్టావోడినా?

చేపలపులుసు
పులుసు తింటే నెల్లూరోడివి.

కందుకూరు_కుర్రోడు
అయితే సెటిల్. అసలు ప్రశ్న అడుగుతా. మా ఊళ్ళో భూమి ఉన్నవాళ్ళ ఇళ్ళు ఊరి మధ్యలో, కూలి చేసుకునేవాళ్ళ కాలనీ చివర. సర్వే చేసేవాళ్ళు ఎప్పుడూ మధ్యలోనే టీ తాగి వెళ్ళిపోతారు. కాలనీలో వాళ్ళు పొద్దున ఏడుకే పనికి పోతారు, తాళం కనిపిస్తుంది, "ఇంట్లో లేరు" అని రాస్తారు. ఇంట్లో లేనివాళ్ళే కదా అసలు లెక్కలోకి రావాల్సింది?

రాగిసంకటి
కరెక్ట్. చీకటి పడ్డాక పోవాలి, పొయ్యి వెలిగే వేళకు. అప్పుడు అడగను కూడా అక్కర్లేదు సగం. కాలనీలో వాళ్ళ మనిషే ఫారం పట్టుకోవాలి. వలస పోయినవాళ్ళ ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళ జాబితా ఆశా కార్యకర్త నోటి మీద ఉంటుంది, ఆ ఇళ్ళు వదలొద్దు. రేషన్ షాపు నెలలో 1 నుంచి 15 వరకే తెరుస్తారు కాబట్టి ఆలస్యంగా ఊరికొచ్చినవాళ్ళకు ఆ నెల బియ్యం అందిందా అనేది కూడా.

నిజం_నిప్పు
ఇవన్నీ చేసి చివరికి సర్పంచ్ సంతకం పెట్టకపోతే?

పాత_సెక్రటరీ
అడగాల్సిన ప్రశ్నే. జీపీడీపీ గ్రామసభ ఆమోదంతోనే నడవాలి, సర్పంచ్ ఒక్కడి ఇష్టం కాదు. 2018 నుంచి ఏటా అక్టోబరు 2న మొదలుపెట్టి కొన్ని నెలలు ప్రణాళిక సభలు నడుపుతున్నారు. తేదీ ముందే కనుక్కొని కాలనీ వాళ్ళు కూలి పోకుండా రాగలిగే వేళకు పెట్టమని రాతపూర్వకంగా ఇవ్వండి. అప్‌లోడ్ అయిన ప్లాన్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఎవరైనా తెరిచి చూడొచ్చు, ఫోన్‌లోనే. పోయిన ఏడు మీ ఊరి ప్లాన్ ముందు దింపుకొని చదవండి. మీ ఊళ్ళో లేని పార్కు అందులో కనిపించినా ఆశ్చర్యపోవద్దు.

మెట్టపల్లె_మెంబర్
ఇప్పుడే తెరిచాను. పార్కు లేదు గానీ మా వీధి సీసీ రోడ్డు రెండు పేర్లతో రెండుసార్లు ఉంది 😀
నేను రాసుకున్నది ఇది, తప్పుంటే చెప్పండి. కాలనీ, ఊరు, తండా మూడు చోట్లా చింతపిక్కలు, ఆడా మగా విడిగా. ఆ తర్వాత సాయంత్రాలు పది గుంపుల ఫారం, ఇంటి నంబరు తప్ప పేరు లేదు, ఆధార్ అసలే లేదు. ఆటో అతన్ని కూర్చోబెట్టి ఏ కూర ఎక్కడ కొన్నాడో. అంగన్‌వాడీ మొత్తాలు. వచ్చింది ముందు కాలనీలోనే చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాకే గ్రామసభకు. అడిగే పనులు మాత్రం మూడే పెడతాం, సంతలో అరుగు నీళ్ళు, బడి పెరడుకు వాడిన నీళ్ళు, బడికి ఊరి కూరగాయల తీర్మానం. చెరువు చేపల సంగతి ఈ ఏడాది వదిలేస్తున్నా.

చేపలపులుసు
అదేంది, నా పులుసు ఎందుకు తీసేశావు?

మెట్టపల్లె_మెంబర్
చెరువు పాట పాడుకున్నది మా ఉపసర్పంచ్ బామ్మర్ది.

చేపలపులుసు
ఓహో. అయితే అది నాలుగో పనిగా పెట్టు, బేరానికి పనికొస్తుంది. అది వెనక్కి తీసుకుంటామంటే మిగతా మూడూ ఆయనే చేతులెత్తి పాస్ చేయిస్తాడు.

పాత_సెక్రటరీ
నా సర్వీసంతా ఇలాంటివాళ్ళతోనే వేగాను.

కారం_దోసె
ఫారం తయారయ్యాక ఇక్కడ పెట్టక్కా, మా గిద్దలూరులో వాడుకుంటాం. కోతుల గడి మేము కలుపుకుంటాం.

రాగిసంకటి
చింతపిక్కలు కావాలంటే ముందే దాచమని చెప్పు, అందరూ చింతపండు గింజ తీసిందే కొంటున్నారు ఇప్పుడు. మా దగ్గర ఒక డబ్బా ఉంది, పొదిలి బస్సులో పంపిస్తా.